ఆరోగ్య సందేహాలు – సమాధానాలు: నడివయసు మగవారిలో నీరసం

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే బాధను గురించినవి కావడంతో, మిగిలిన వాటిని వచ్చే సంచికకు ఉంచి, ఈసారి వాటికే సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారములు. నా వయసు 47 సంవత్సరాలు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాగా పనిచేస్తున్నాను. ఆరేళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్, మూడేళ్లుగా బీపీకి మందు వాడుతున్నాను. కడుపులో మంట ఉంటుందని రోజూ ఉదయం ఒక గ్యాస్ బిళ్ల కూడా వేసుకుంటాను. ఇదివరకు రోజంతా టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య తిరుగుతూ కాటా చీటీలు రాసినా అలసట తెలిసేది కాదు. ఏడాదిగా మధ్యాహ్నం భోజనం కాగానే కళ్లు మూతలు పడుతున్నాయి, సాయంత్రానికి కాళ్లు పీకుతున్నాయి, రాత్రిళ్లు అరికాళ్లు మంటలు పుడుతున్నాయి. నెలకొకసారి మా వీధిలోని ఆర్‌ఎంపీ దగ్గర పసుపు రంగు సెలైన్ ఎక్కించుకుంటే రెండు రోజులు బాగుంటుంది, ఆ తరువాత మళ్లీ మామూలే. వయసు వచ్చింది కదా అని ఇంట్లో అంటున్నారు. ఏ టానిక్ వాడితే ఓపిక వస్తుందో తెలుపగలరు.
– ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: ముందుగా మీ ఇంట్లోవారి మాట గురించి చెబుతాను. నలభై ఏడేళ్ల మనిషి మధ్యాహ్నానికే కూలబడిపోవడానికి వయసు ఒక్కటే కారణం కాదు. ముప్పై దాటాక పదేళ్లకు 3 నుంచి 8 శాతం వరకు కండ తరుగుతుందని అంచనా ఉన్న మాట నిజమే గాని, ఆ తరుగుదల మెల్లగా జరిగేదే తప్ప ఏడాది తిరిగేసరికి మనిషిని ఇలా మార్చేది కాదు. కాబట్టి టానిక్ పేరు చెప్పే ముందు కారణం వెతకాలి. మీరు రాసిన నాలుగు వాక్యాలలోనే ఆ కారణం ఎక్కడ ఉండవచ్చో చాలా వరకు కనిపిస్తోంది.

ఆ సెలైన్ సీసాలో ఏముందో మీరు తెలుసుకోవాలి. మామూలు సెలైన్ అయితే అర లీటరు నీటిలో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. పెద్దవారు రోజు మొత్తం మీద ఐదు గ్రాములకు మించి ఉప్పు తినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుండగా, బీపీ ఉన్న మీకు ఒక్క గంటలో దాదాపు అంత ఉప్పును నేరుగా రక్తంలోకి ఎక్కిస్తున్నారన్న మాట. అది గ్లూకోజు సీసా అయితే అందులో 25 గ్రాముల చక్కెర ఉంటుంది, అది మీ షుగరుకు మంచిది కాదు. పసుపు రంగు అందులో కలిపిన బీ విటమిన్లలోని రైబోఫ్లేవిన్ వల్ల వస్తుంది, అందులో చాలా భాగం మరునాటికి మూత్రంలో పోతుంది. మరి రెండు రోజులు ఎందుకు బాగుంటుందంటే, యార్డు ఎండలో చెమటలు కక్కి సరిగా నీళ్లు తాగని శరీరానికి అర లీటరు నీరు అందడం, గంటసేపు మీరు కదలకుండా పడుకోవడం, ఆ రెండింటి వల్లనే. వాటికి సూది అక్కరలేదు. సూది మారకపోతే వచ్చే కామెర్ల భయం సరేసరి.

ఇక మీ బిళ్లల సంగతి. మెట్‌ఫార్మిన్ మంచి మందు, దాన్ని మానవద్దు. కానీ ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి ఆహారంలోని బీ12 విటమిన్ ఒంటికి పట్టడం తగ్గుతుంది. ఆహారం నుంచి బీ12 విడివడడానికి కడుపులో ఆమ్లం కావాలి, గ్యాస్ బిళ్ల ఆ ఆమ్లాన్నే అణచివేస్తుంది. ఈ రెండూ కలిసి ఏళ్ల పాటు సాగినప్పుడు నీరసం, అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు, నాలుక నున్నబడి మండడం, మతిమరుపు వంటివి కనిపించవచ్చు. అరికాళ్ల మంటలు షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నా వస్తాయి కాబట్టి చాలామంది అది షుగరు మంటేనని సరిపెట్టుకుంటారు, బీ12 పరీక్ష ఎవరూ చేయించరు. మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కంటే తక్కువ ఉంటే లోపం ఉన్నట్టే, 200 నుంచి 300 మధ్య ఉంటే అనుమానించవలసిందే. బీ12 సహజంగా పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది, ఆకుకూరల్లో ఉండదు. అందువల్ల మీరు శాకాహారులైతే ఈ అనుమానం మరింత బలపడుతుంది. లోపం తేలితే ఇంజెక్షన్లతోనో మాత్రలతోనో సరిచేయడం కష్టం కాదు గాని, ఆలస్యమైన కొద్దీ నరాల దెబ్బ పూర్తిగా మానకపోవచ్చు. గ్యాస్ బిళ్ల విషయం మీ డాక్టరును అడగండి. ఒకప్పుడు రెండు వారాలకని రాసిచ్చిన మందును ఏళ్ల తరబడి వాడుతున్నవారిని నేను ప్రతి వారం చూస్తున్నాను.

షుగరు అదుపులో లేకపోయినా ఇదే నీరసం ఉంటుంది, ఎందుకంటే రక్తంలో చక్కెర నిండుగా ఉన్నా అది కండరాల్లోకి చేరదు, దానికి తోడు రాత్రి మూడు నాలుగు సార్లు మూత్రానికి లేవడంతో నిద్ర ముక్కలవుతుంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారో రాయలేదు, ఈసారి తప్పక చేయించుకోండి. బీపీకి వాడేది మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి మందైతే గుండె వేగం తగ్గి కొందరికి అలసటగా ఉంటుంది. మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు కలిసిన బిళ్ల అయితే, మన రోహిణి కార్తె ఎండల్లో చెమటతో పాటు సోడియం, పొటాషియం కూడా తగ్గి కాళ్లు పీకేస్తాయి. వీటిలో ఏదైనా సొంతంగా ఆపితే ప్రమాదం, ముఖ్యంగా మెటోప్రొలాల్‌ను ఉన్నట్టుండి ఆపకూడదు. వాడుతున్న బిళ్లల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లి డాక్టరు ముందు బల్ల మీద పెట్టండి. పేర్లు గుర్తు తెచ్చుకుని చెప్పడం కంటే అది నయం.

రక్తం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రక్తహీనత ఆడవారి జబ్బు అని మన మగవారిలో ఒక నమ్మకం ఉంది. మగవారిలో హిమోగ్లోబిన్ 13 గ్రాముల లోపు ఉంటే అది రక్తహీనతే. కొన్నేళ్ల క్రితం మంగళగిరి నుంచి ఒక నేతపనివారు వచ్చారు, వయసు 49. మగ్గం గుంటలోంచి లేవాలంటే చేతులు ఆనించవలసి వస్తోందని, బలానికి ఏదైనా రాయమని అడిగారు. కనురెప్ప కింద చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. రక్తం పోతోందా అని అడిగితే లేదన్నారు, రెండోసారి అడిగినా లేదన్నారు. వెంట వచ్చిన ఆయన భార్య మాత్రం, ఈమధ్య డబ్బాలో బియ్యం గుప్పెళ్లతో తీసుకుని బొక్కుతున్నారండీ, ఎంత చెప్పినా మానడం లేదు అన్నారు. ఇనుము బాగా తగ్గినవారికి పచ్చి బియ్యం, మట్టి, ఐసు ముక్కలు తినాలనిపిస్తుంది. ఆమెను కాసేపు బయట కూర్చోమని చెప్పి మూడోసారి అడిగితే, రెండేళ్లుగా మొలల నుంచి రక్తం పోతోందని, చెప్పుకోవడానికి సిగ్గుపడ్డానని ఒప్పుకున్నారు. హిమోగ్లోబిన్ 7.8 వచ్చింది. మొలలు కనిపించినంత మాత్రాన అక్కడితో ఆగకుండా పెద్దపేగు పరీక్ష కూడా చేయించి, క్యాన్సర్ లేదని నిర్ధారించుకున్న తరువాత మొలలకు చికిత్స చేయించి, నెలల తరబడి ఇనుము మాత్రలు ఇస్తే మళ్లీ మగ్గం ఎక్కారు. నడివయసు మగవారిలో ఇనుము తగ్గిందంటే రక్తం ఎక్కడో పోతోందని భావించి వెతకవలసిందే. బెల్లం, ఖర్జూరం తింటూ కాలం గడపకూడదు. మలం తారులా నల్లగా వస్తున్నా, రక్తం కనిపిస్తున్నా దాచవద్దు.

మీరు చేయించుకోవలసిన పరీక్షలు ఇవి: రక్తకణాల లెక్క, పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ, బీ12, విటమిన్ డీ, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, కిడ్నీలకు క్రియాటినిన్, సోడియం, పొటాషియం, కాలేయ పరీక్షలు, మూత్ర పరీక్ష, ఒక ఈసీజీ. ఫుల్ బాడీ చెకప్ పేరుతో అమ్మే డెబ్బై ఎనభై పరీక్షల ప్యాకేజీ మీకు అవసరం లేదు. గుంటూరు పెద్దాసుపత్రిలో జనరల్ మెడిసిన్ ఓపీకి వెళ్లినా సరిపోతుంది. ఒక్క మాట మాత్రం మరువవద్దు. షుగరు ఉన్నవారికి గుండెకు రక్తం అందనప్పుడు ఛాతీ నొప్పి రాకుండా ఆయాసం, చెమటలు, ఉన్నట్టుండి వచ్చే నిస్సత్తువ మాత్రమే ఉండవచ్చు. నిన్న సులువుగా ఎక్కిన మెట్లు ఇవాళ ఎక్కలేకపోతే ఓపీ తేదీ కోసం ఆగకుండా అదే రోజు అత్యవసర విభాగానికి వెళ్లండి. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే, మిరప ఘాటు వల్లనేనని సరిపెట్టుకోకుండా క్షయకు కళ్లె పరీక్ష చేయించుకోండి, ప్రభుత్వాసుపత్రుల్లో అది ఉచితం.

పరీక్షల ఫలితాలు వచ్చేలోగా భోజనంలో ఒక మార్పు చేసుకోండి. మన వైపు మధ్యాహ్న భోజనం అంటే కంచం నిండా అన్నం, దాని మీద పచ్చడి, చివర పెరుగన్నం. అంత అన్నం ఒక్కసారిగా తింటే షుగరు పైకి ఎగసి కళ్లు మూతలు పడతాయి. అన్నం సగానికి తగ్గించి, ఆ మేరకు కూర, పప్పు పెంచండి. జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు సుమారు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి, అంటే 70 కిలోల మనిషికి 58 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, గుప్పెడు వేరుశనగ పప్పులో ఏడు గ్రాములు ఉంటాయి, పచ్చడి అన్నంలో ఉండేది చాలా తక్కువ. తిన్న వెంటనే కుర్చీలో వాలకుండా పది పదిహేను నిమిషాలు నీడపట్టున నడిస్తే భోజనం తరువాతి షుగరు తగ్గుతుంది, యార్డు షెడ్లలోనే ఆ నడక నడవవచ్చు. టీ మాత్రం భోజనంతో పాటు కాకుండా గంట తరువాత తాగండి, అది ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

ప్రశ్న: మా వారి వయసు 51. విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాల కొట్టు ఉంది. రాత్రి పదింటికి పడుకుని ఆరింటికి లేచినా, లేవగానే తల బరువు, రోజంతా మత్తు. కొట్టులో కూర్చునే కునుకు తీస్తున్నారని కుర్రాళ్లు చెబుతున్నారు. గురక చాలా ఎక్కువ. మధ్యలో గురక ఆగిపోయి, కాసేపటికి ఉలిక్కిపడినట్టు గట్టిగా ఊపిరి తీస్తారు. నాకు భయంగా ఉంటోంది. ఆయన మాత్రం గాఢ నిద్ర పడితే గురక రాదా అంటారు. బీపీకి రెండు రకాల మందులు వాడుతున్నా తగ్గడం లేదు. రాత్రి కొద్దిగా మందు తాగుతారు.
– ఒక సోదరి, విజయవాడ

సమాధానం: అమ్మా, మీ భయం సరైనదే. గురక గాఢ నిద్రకు గుర్తు కాదు, గొంతు దారి ఇరుకైందనడానికి గుర్తు. మీరు గమనించిన ఆ నిశ్శబ్దమే అసలు జబ్బు. నిద్రలో గొంతు కండరాలు సడలి, గాలి దారి మూసుకుపోయి, ఊపిరి పది సెకన్లో అంతకంటే ఎక్కువో ఆగిపోతుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గగానే మెదడు ఉలిక్కిపడి మనిషిని లేపుతుంది, ఆయనకు ఆ మెలకువ గుర్తుండదు. గంటకు ఇలా ముప్పై సార్లు, అంతకు మించి జరిగేవారు కూడా ఉన్నారు. అటువంటి మనిషి ఎనిమిది గంటలు మంచం మీద ఉన్నా నిద్రపోయినట్టు కాదు. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. రెండు మందులు వాడినా బీపీ తగ్గకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు.

నా దగ్గరకు వచ్చిన ఒక లారీ డ్రైవరు, కాజ టోల్‌గేటు దగ్గర వరుసలో బండి ఆపిన ఆ రెండు నిమిషాల్లోనే కునుకు పట్టి, వెనుక బండ్లవారు హారన్లు కొడితే గాని మెలకువ రాలేదని చెప్పారు. ఆయన చొక్కా కాలరు పద్దెనిమిది అంగుళాలు. మెడ కొలత 17 అంగుళాలు దాటిన మగవారిలో ఈ జబ్బు అవకాశం ఎక్కువ. పరీక్ష అయి చికిత్స మొదలయ్యే వరకు బండి తోలవద్దని గట్టిగా చెప్పవలసి వచ్చింది. మీ వారు కూడా అప్పటి వరకు బెంజి సర్కిల్ మీదుగా స్కూటరు నడుపుకుంటూ వెళ్లకుండా, కొట్టు కుర్రాడి వెనుక కూర్చుని వెళ్లడం మంచిది.

ఆయన ఒప్పుకోవడానికి ఒక మార్గం చెబుతాను. ఒక రాత్రి ఆయన నిద్రను ఫోనులో ఐదు నిమిషాలు వీడియో తీసి, తెల్లవారాక దెప్పిపొడవకుండా చూపించండి. తన ఊపిరి ఆగడం తాను చూసుకున్న తరువాత వాదించినవారు నాకు ఇంతవరకు ఎదురుకాలేదు. అదే వీడియో ఊపిరితిత్తుల డాక్టరుకు గాని, చెవి ముక్కు గొంతు డాక్టరుకు గాని చూపిస్తే రాత్రి నిద్ర పరీక్ష రాస్తారు, కొన్ని చోట్ల పరికరం ఇంటికే ఇస్తారు. జబ్బు మధ్యస్థంగానో తీవ్రంగానో ఉంటే ముక్కుకు మాస్కు పెట్టి గాలి ఒత్తిడితో గొంతు దారిని తెరచి ఉంచే సీప్యాప్ యంత్రం వాడాలి. మొదటి వారం ఇబ్బందిగానే ఉంటుంది, అలవాటు పడ్డాక చాలామంది దానిని వదలరు. బరువు పదో వంతు తగ్గితే జబ్బు తీవ్రత బాగా తగ్గుతుంది, పక్కకు తిరిగి పడుకోవడం కొందరికి మేలు చేస్తుంది. రాత్రి మద్యం ఆపవలసిందే, కొద్దిగానే అయినా సరే, ఎందుకంటే అది గొంతు కండరాలను మరింత సడలిస్తుంది. నిద్ర మాత్రలు కూడా అంతే, వాటిని పొరపాటున కూడా ఇవ్వకండి.

ప్రశ్న: వయసు 44, విజయవాడలో బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాను. ఓపిక లేక జిమ్‌లో చేరాను. అక్కడి శిక్షకుడు టెస్టోస్టెరాన్ (మగ హార్మోను) తగ్గి ఉంటుందన్నారు. సాయంత్రం బ్యాంకు నుంచి వస్తూ పరీక్ష చేయిస్తే 290 వచ్చింది. ఇంజెక్షన్లు మొదలుపెడదామంటున్నారు. పెళ్లి ఆలస్యంగా అయింది, ఇంకొక బిడ్డ కావాలనుకుంటున్నాము. బరువు 92 కిలోలు.
– పేరు ప్రచురించవద్దు

సమాధానం: దయచేసి ఆ ఇంజెక్షన్ వేయించుకోవద్దు. బయటి నుంచి టెస్టోస్టెరాన్ ఇస్తే వృషణాలకు మెదడు నుంచి వెళ్లే సంకేతం ఆగిపోయి, వీర్యకణాల ఉత్పత్తి పడిపోతుంది, కొందరిలో పూర్తిగా నిలిచిపోతుంది. ఆపిన తరువాత తిరిగి రావడానికి నెలలు, కొన్నిసార్లు ఏడాదికి పైగా పడుతుంది. బిడ్డ కావాలనుకునేవారికి ఇది ఎంత నష్టమో వేరే చెప్పనక్కరలేదు. దీనికి తోడు రక్తం చిక్కబడే ప్రమాదం కూడా ఉంది.

మీ 290 అంకెను నమ్మడానికి లేదు. ఈ హార్మోను ఉదయం ఎక్కువగా, సాయంత్రం తక్కువగా ఉంటుంది. పరగడుపున, ఉదయం పది గంటల లోపు, రెండు వేర్వేరు రోజుల్లో తీసిన రక్తంలో 300 కంటే తక్కువ వచ్చి, దానికి తగిన లక్షణాలు కూడా ఉంటేనే లోపం అంటారు. కోరిక తగ్గడం, తెల్లవారుజామున సహజంగా జరిగే అంగస్తంభన లేకపోవడం వంటివి ఆ లక్షణాలు. ఒట్టి నీరసం చాలదు. నిజంగానే తక్కువగా ఉంటే ఎందుకు తగ్గిందో తెలుసుకోవడానికి ఎల్‌హెచ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ల పరీక్షలు చేయాలి, దానికి ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) ఉన్నారు, జిమ్ శిక్షకుడి పని కాదది. పొట్ట చుట్టూ ఉన్న కొవ్వు టెస్టోస్టెరాన్‌ను ఆడ హార్మోనుగా మార్చేస్తుంది, అందువల్ల బరువు తగ్గినవారిలో ఈ అంకె తనంతట తానే పెరుగుతుంది. జిమ్ మానవద్దు, వారంలో కనీసం రెండు రోజులు బరువులు ఎత్తే వ్యాయామం, మొత్తం మీద 150 నిమిషాల వేగపు నడక పెట్టుకోండి. నిద్ర ఏడు గంటలకు తగ్గకూడదు.

ప్రశ్న: నేను గుంటూరులో ఉపాధ్యాయుడిని, వయసు 54. ఎనిమిది నెలలుగా ఒంట్లో ఓపిక లేదు. పరీక్షలన్నీ రెండుసార్లు చేయించాను, అన్నీ బాగున్నాయి. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. ఆకలి లేదు. పదిహేనేళ్లుగా మేడ మీద మల్లె, కనకాంబరం కుండీలు పెంచుతున్నాను, ఇప్పుడు నీళ్లు పోయడానికి కూడా పైకి వెళ్లాలనిపించడం లేదు. ఏ లోపమూ లేకపోతే ఈ నీరసం ఎందుకు?
– ఒక ఉపాధ్యాయుడు, గుంటూరు

సమాధానం: మాస్టారూ, మీరు మూడో వాక్యంలో పరీక్షల గురించి, ఆ తరువాత మొక్కల గురించి రాశారు. నాకు మొక్కల మాటే ముఖ్యంగా తోచింది. ఇష్టమైన పని మీద ఇష్టం పోవడం, తెల్లవారక ముందే మెలకువ రావడం, ఆకలి తగ్గడం, ఈ మూడూ రెండు వారాలకు మించి ఉంటే మానసిక కుంగుబాటును అనుమానించాలి. మగవారిలో ఇది ఏడుపుగా, దిగులుగా కనిపించడం కంటే నీరసంగా, విసుగుగా, ఒళ్లు నొప్పులుగా కనిపించడం ఎక్కువ. అందుకే చాలామంది మీలాగే రక్త పరీక్షల చుట్టూ తిరుగుతారు. ఇది మనసు బలహీనత కాదు, మీ నియమానికి, క్రమశిక్షణకు సంబంధించిన లోపమూ కాదు. ఇది జబ్బు, దీనికి మంచి చికిత్స ఉంది.

సైకియాట్రిస్టును కలవండి. మందు రాస్తే దాని గుణం తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, మొదటి వారంలో ఏమీ తేడా లేదని మానేయకండి. కుంగుబాటుకు ఇచ్చే మందులు నిద్ర మాత్రల వలె వ్యసనం కావు, అయితే ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. మూడింటికి మెలకువ వచ్చినప్పుడు మనసు మరీ భారంగా అనిపించినా, బ్రతుకు మీద విరక్తి వంటి ఆలోచన వచ్చినా ఒంటరిగా భరించకుండా టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు మీ శ్రీమతిని గాని, పిల్లలలో ఒకరిని గాని వెంట తీసుకెళ్లండి. ఈ మార్పు ఎప్పుడు మొదలైందో, మీరు నలుగురిలో కలవడం ఎప్పటి నుంచి మానేశారో మీకంటే వారికే బాగా గుర్తుంటుంది. ఈలోగా కుండీలకు నీళ్లు ఎవరైనా పోస్తూ ఉంటారు, మీరు పైకి వెళ్లి ఆ పక్కన పది నిమిషాలు ఉదయపు ఎండలో కూర్చుంటే చాలు.